మూత్రపిండాల జల్లెడ

పొద్దున లేచేసరికి పిల్లవాని కనురెప్పలు ఉబ్బి, సాయంకాలానికి పాదాలు పొంగితే, ఇంటిలోని పెద్దలు ‘ఒంటికి నీరు పట్టింది’ అంటారు. ఆ మాట నిజమే. కాని నీరు ఎందుకు పట్టినదో తెలుసుకొనవలెను.

మన రెండు మూత్రపిండాలలో ఒక్కొక్కదానియందు సుమారు 10 లక్షల సన్నని రక్తనాళాల ఉండలు ఉన్నవి. వైద్యులు వీనిని గ్లోమెరులస్‌లు అంటారు. ఇవి రక్తాన్ని వడపోసే జల్లెడలు. దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవం వీని గుండా దిగుతుంది. అందులో లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రముగా వెలువడి, మిగిలినది తిరిగి రక్తంలో చేరుతుంది.

ఈ జల్లెడ ముఖ్యంగా రెండు విధాల చెడుతుంది. మొదటి విధంలో కన్నాలు సడలి, రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తు జారిపోతుంది. మూత్రం నురగలు కట్టును, ఒళ్లంతా ఉబ్బును. పిల్లలలో ఎక్కువమందికి ఇది స్టెరాయిడ్ మందులతో నయమవుతుంది. వాపు తగ్గినదని మందు నడుమ మానరాదు. రెండవ విధంలో జల్లెడ వాచి, రక్తకణాలు దిగుతవి. గొంతునొప్పి వచ్చిన ఒకటి రెండు వారాలకో, చీముపట్టిన గజ్జి కురుపుల తరువాత కొన్ని వారాలకో మూత్రం టీ కషాయం రంగుకు మారి, రక్తపు పోటు పెరుగుతుంది.

హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో 1990 నుండి 2008 వరకు చేసిన 1849 బయాప్సీలను వైద్యులు పరిశీలించారు. మూత్రపిండంలోనే పుట్టిన వ్యాధులలో, సూక్ష్మదర్శినికి దాదాపు ఏ మార్పూ కనబడని మొదటి విధపు జబ్బే హెచ్చుగా ఉన్నది. ఇతర వ్యాధుల వలన వచ్చిన వానిలో లూపస్ ముందున్నది. అయితే ఆసుపత్రి లెక్కలే ఊరి లెక్కలు కావు. మందుకు లొంగిన పిల్లవానికి, కురుపుల తరువాత తానే కోలుకున్న పిల్లవానికి, చాలమంది మధుమేహ రోగులకు బయాప్సీ చేయరు. నాగాయలంకలోనో, కోడూరులోనో ఇంటిపట్టున ఉండిపోయినవారు ఏ లెక్కకూ అందరు.

వారిని పట్టి ఇచ్చేది చిన్న మూత్ర పరీక్ష. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వెలిసినది. గుడివాడలో ఆసుపత్రి ఉన్నది. కాని ఈ పరీక్షకు అంతదూరం పోనక్కరలేదు. ఊరి ఆరోగ్య కేంద్రం చాలును. ఉబ్బిన బిడ్డకు వెంటనే, మధుమేహం, రక్తపు పోటు ఉన్న పెద్దలకు ఏటేటా ఇది చేయించవలెను. పెద్దలలో జల్లెడ చప్పుడు లేకుండా చెడుతుంది. నొప్పి లేదు గనుక జబ్బు లేదనుకొనుటే అసలు ప్రమాదం.