కుర్రకారు చేతిలో మంత్రదండం

పాఠ్యపుస్తకం నాలుగు పేజీలు తిప్పేసరికి ఆవులించే పిల్లవాడు, 600 పేజీల మాంత్రికుల కథను రెండు రోజుల్లో ఎలా చదివేస్తాడండీ? ఈ ప్రశ్న అడగని తల్లిదండ్రులు ఈ రోజుల్లో అరుదు. జవాబు కావాలంటే ఆ పుస్తకాల పుట్టుపూర్వోత్తరాలు కాస్త తెలుసుకోవాలి.

హారీ పాటర్ మొదటి పుస్తకం 1997లో ఇంగ్లండులో వెలువడింది. అంతకుముందు 12 మంది ప్రచురణకర్తలు ఆ వ్రాతప్రతిని తిప్పి పంపేశారు. తరువాత దానిని స్వీకరించిన సంస్థ అధిపతి, మొదటి అధ్యాయాన్ని తన ఎనిమిదేళ్ల కూతురి చేతికిచ్చాడు. ఆ పిల్ల చదివి, మిగతాది ఏదీ అని పట్టుబట్టింది. పెద్దలు కనిపెట్టలేనిది చిన్నపిల్ల కనిపెట్టిందన్నమాట! అయినా గట్టి అట్టతో తొలిసారి వేసినవి 500 ప్రతులే. 2007లో ఏడవ పుస్తకంతో కథ ముగిసింది. ఈనాటికి 80కి పైగా భాషల్లోకి వెళ్లి, 50 కోట్ల ప్రతులకు మించి చెల్లింది. ఈ పుస్తకాల తాకిడికి పెద్దల నవలలకు చోటు దొరక్క, 2000లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక పిల్లల పుస్తకాలకు వేరే పట్టిక పెట్టవలసి వచ్చింది.

ఇదంతా మంత్రాల మహిమేనా? మంత్రాలు నేర్పే బడి కథను ఉర్సులా లెగ్విన్ 1968లోనే రాసింది. ఇక 2008లో వచ్చిన సుజాన్ కాలిన్స్ నవల 'హంగర్ గేమ్స్'లో మంత్రమన్నదే లేదు. అది రాబోయే కాలపు కథ. రాజధాని వాసుల వినోదం కోసం 12 నుంచి 18 ఏళ్ల పిల్లలను చీటీలు తీసి ఎన్నుకుని, ఒక్కరు మిగిలేదాకా ఒకరినొకరు చంపుకోమంటారు. దాన్ని టెలివిజన్‌లో చూపిస్తారు. చెల్లెలి పేరు వస్తే, 16 ఏళ్ల అక్క ఆమెకు బదులుగా బయలుదేరుతుంది.

చావు, అన్యాయం, పెద్దల అబద్ధాలు – ఆ వయస్సులో మనస్సును తొలిచే సంగతులివే. అడిగితే మనం "నీకెందుకు, చదువుకో" అంటాం. ఈ పుస్తకాలు అలా కసురుకోవు. కల్పిత లోకమనే తెర అడ్డుపెట్టి, ఆ సంగతులన్నీ ధైర్యంగా ముచ్చటిస్తాయి. కుర్రకారు వాటిని వదలకపోవడంలో వింతేముంది?

మనకూ ఇటువంటి రుచి కొత్తది కాదు. 1954లో చందమామలో 'తోకచుక్క' మొదలైన దగ్గరనుంచి దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ల కోసం నెలనెలా ఎదురుచూసిన పిల్లలెందరో! ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. వచ్చిన రోజుల్లో కూడా చందమామ దాటిన పిల్లవాడు ఒక్క గంతులో పెద్దల నవల్లోకి దూకవలసిందే. నడుమ నిలబడే మెట్టు తెలుగులో బహు తక్కువ. అందుకే పదమూడో ఏట ఇంగ్లీషు పుస్తకం పట్టిన పిల్ల, మళ్లీ తెలుగు కథ వైపు తిరగడం కష్టమవుతోంది. అనువాదాలు కొంత సాయపడతాయి కాని, మన ఊళ్లు, మన భయాలు, మన మాటలు ఉన్న కథలు మన రచయితలే రాయాలి.

అంతదాకా ఇంట్లో చేయదగిన పని ఒకటుంది. పుస్తకం లాక్కోకండి. రాత్రి భోజనాల వేళ ఆ కథ చెప్పమనండి, తెలుగులో. మొదట తడబడతారు. తరువాత పక్షిరాజుకు, మాయదుప్పటికి, మాటలాడే టోపీకి తెలుగు మాటలు వాళ్లే వెతుక్కుంటారు.