ఖిలాషాపూర్ కోట: వెర్షన్ టూ

మా రఘునాథపల్లి మండలంలోనే ఖిలాషాపూర్ ఉంది, సర్వాయి పాపన్న కోట ఉన్న ఊరు. హైవే మీద వరంగల్ పోయేవాళ్లెవరూ దానికోసం ఆగరు. మిగిలింది బురుజులు, కొంత గోడ. కానీ ఇది వెర్షన్ టూ అని తెలుసా? పాపన్న మొదట కట్టిన మోటు కోటను మొఘల్ నాయబ్ సుబేదారు రుస్తుం దిల్ ఖాన్ రెండు నెలలు ముట్టడించి కూలగొట్టించాడు. ఆ సైన్యం వెనక్కి పోగానే పాపన్న తిరిగొచ్చి, ఈసారి రాయీ సున్నంతో గట్టిగా కట్టి ఫిరంగులు పెట్టించాడు. కల్లుగీత కులంలో పుట్టినాయన కోట కట్టడం ఒకెత్తు, కూల్చాక మళ్లీ కట్టడం ఇంకో ఎత్తు. నాకైతే 1708లో వరంగల్‌ను కొల్లగొట్టినదానికంటే ఇదే పెద్ద సంగతి. 1710లో ఆయన్ని పట్టుకొని చంపేశారు. మీరు వెళ్తే గోడలెక్కి రీల్స్ చేయకండి, మళ్లీ కట్టడానికి పాపన్న లేడు.