హెచ్‌.ఐ.వి.లో రోగనిరోధకశక్తి అంచనా: సి.డి.4 లెక్కింపు ప్రాధాన్యం

ఉపోద్ఘాతం

హెచ్‌.ఐ.వి. ప్రధానంగా సి.డి.4 గ్రాహకం గల సహాయక టి-లింఫోసైట్లలో ప్రవేశించి వాటిని క్షీణింపజేస్తుంది. ఇతర రోగనిరోధక కణాలను ఉత్తేజపరిచేవి ఇవే కనుక, వీటి సంఖ్య తగ్గితే శరీర రక్షణవ్యవస్థ మొత్తం బలహీనపడుతుంది. వైరల్ లోడ్ పరీక్ష విస్తృతమైన నేటి కాలంలోనూ సి.డి.4 లెక్కింపు ఎందుకు అవసరమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరీక్షా విధానం

ఇ.డి.టి.ఎ. గల గొట్టంలో సేకరించిన రక్తానికి, ప్రతిదీప్తి రంజకాలు జోడించిన మోనోక్లోనల్ ప్రతిరక్షకాలను కలుపుతారు. ఫ్లో సైటోమీటర్‌లో కణాలు ఒకదాని వెంట ఒకటి లేజర్ కిరణాన్ని దాటేటప్పుడు వెలువడే కాంతిని బట్టి సి.డి.4 కణాలను గుర్తించి లెక్కిస్తారు. ఆరోగ్యవంతులైన పెద్దలలో ఘనపు మిల్లీమీటరు రక్తానికి ఇవి సుమారు 500 నుండి 1500 వరకు ఉంటాయి.

ఫలితాల అన్వయం

ఈ సంఖ్య స్థిరమైనది కాదు. రోజులోని వేళను బట్టి, ఇతర ఇన్‌ఫెక్షన్ల వలన, స్టెరాయిడ్ మందుల వలన మారుతుంది. కావున ఒక్క ఫలితంపై ఆధారపడక, వరుస ఫలితాల ధోరణిని పరిశీలించాలి. మొత్తం లింఫోసైట్లలో సి.డి.4 కణాల శాతం ఇంతకంటె నిలకడగా ఉంటుంది. చిన్నపిల్లలలో ఈ కణాల సంఖ్య సహజంగానే అధికం. అందువలన ఐదేళ్లలోపు వారిలో శాతాన్నే ప్రమాణంగా తీసుకుంటూ వచ్చారు. సి.డి.4, సి.డి.8 కణాల నిష్పత్తి సాధారణంగా 1 కంటె ఎక్కువ; హెచ్‌.ఐ.వి.లో అది తలకిందులవుతుంది.

వైరల్ లోడ్‌తో భేదం

వైరల్ లోడ్ పరీక్ష ప్లాస్మాలోని వైరస్ ఆర్‌.ఎన్‌.ఎ. ప్రతుల సంఖ్యను తెలుపుతుంది. మందులు పనిచేస్తున్నాయా అన్న ప్రశ్నకు అదే సరైన సమాధానం. అయితే వైరస్ అదుపులోకి వచ్చినా కొందరిలో సి.డి.4 సంఖ్య తగినంతగా పెరగదు. ఒకటి వైరస్ తీవ్రతకు కొలమానం, మరొకటి అది కలిగించిన నష్టానికి కొలమానం.

మారిన ప్రయోజనం

ప్రపంచ ఆరోగ్య సంస్థ చికిత్స ప్రారంభానికి సి.డి.4 పరిమితిని 2010లో 350కి, 2013లో 500కు పెంచి, 2015లో పూర్తిగా తొలగించింది. భారతదేశం 2017లో అందరికీ చికిత్స అనే విధానాన్ని అనుసరించింది. దీనితో చికిత్సార్హతను నిర్ణయించే పాత్ర ముగిసింది. ప్రమాదాన్ని గుర్తించే పాత్ర మిగిలింది. పెద్దలలో సంఖ్య 200 కంటె తక్కువైతే, లక్షణాలు లేకపోయినా, వ్యాధి ముదిరిన దశగా పరిగణిస్తారు. అప్పుడు క్షయ, క్రిప్టోకాకస్ శిలీంధ్ర పరీక్షలు, కోట్రైమాక్సజోల్ నివారణ చికిత్స అవసరమవుతాయి.

ముగింపు

బాహ్యంగా ఆరోగ్యంగా కనిపించే వ్యక్తిలో ఈ దశను గుర్తించడానికి సి.డి.4 లెక్కింపే ఆధారం. చికిత్సకు అది అడ్డంకి కాకూడదన్న నిర్ణయం సమంజసమే; కాని ఆ కారణంగా పరీక్షనే విడిచిపెడితే, నివారించదగిన మరణాలు మన దృష్టికి రాకుండానే సంభవిస్తాయి.