641 బయటపెట్టిన గుట్టు

2ను వర్గం చేయండి. 4 వస్తుంది. 4ను వర్గం చేస్తే 16. ఇలాగే సాగితే 256, 65,536 వస్తాయి. మొదటి 2తో సహా ఒక్కొక్క దానికి 1 కలపండి: 3, 5, 17, 257, 65,537. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. 1తోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ ఇవి నిశ్శేషంగా భాగింపబడవు.

మరి ఆరవది? 65,536ను వర్గం చేసి 1 కలిపితే 429,49,67,297. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల పైచిలుకు!

ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1640లో ఆ మాటే ఉత్తరాలలో రాశాడు. నిరూపణ మాత్రం తనకు దొరకలేదని దాచకుండా చెప్పాడు. న్యాయస్థానంలో ఉద్యోగం చేసిన మనిషి కదా, నమ్మకం వేరు, సాక్ష్యం వేరు అని ఆయనకు తెలుసు.

పరీక్షించి చూడవచ్చుగా అంటారేమో. ఒక సంఖ్య ప్రధానమో కాదో తేల్చాలంటే దాని వర్గమూలం లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. ఇక్కడ అలాంటివి 6,542 ఉన్నాయి! కాగితం, కలం తప్ప మరేమీ లేని రోజులవి.

1732లో, ఇరవై అయిదేళ్ళ ఆయిలర్ ఈ సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుందని ప్రకటించాడు. 641 దగ్గరకే ఎలా వెళ్ళాడు? ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, అది 64 గుణిజం కంటే 1 ఎక్కువగా ఉండి తీరాలని ఆయన తర్వాత నిరూపించాడు. అటువంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. వేల భాగహారాలు పోయి అయిదు మిగిలాయి!

మీరూ సరిచూడండి. పది అంకెల భాగహారం అక్కరలేదు. 65,536ను 641తో భాగిస్తే శేషం 154. సంఖ్యను వర్గం చేసి భాగించినా, దాని శేషాన్ని వర్గం చేసి భాగించినా చివరికి మిగిలేది ఒకటే. 154 వర్గం 23,716. దీన్ని 641తో భాగిస్తే శేషం 640. దానికి మన 1 కలపండి. 641 అయింది, శేషం సున్న!

రెండవ కారణాంకం 67,00,417. అదీ ప్రధానమే. కాబట్టి మన సంఖ్య బేసి సంఖ్య, సంయుక్త సంఖ్య, సరిగ్గా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఈ వరుసలో ఆ తర్వాత పరీక్షించిన వాటిలో ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాలేదు.

దీని వల్ల జ్యామితిలోనూ ఒక నష్టం జరిగింది. 17 భుజాల క్రమ బహుభుజిని గుర్తులు లేని స్కేలు, వృత్తలేఖినితోనే గీయవచ్చని 1796లో గౌస్ కనుగొన్నాడు. ఈ వరుసలోని ఏ ప్రధాన సంఖ్యకైనా అది సాధ్యమే. మన సంఖ్య ప్రధానమై ఉంటే అన్ని భుజాల బొమ్మనూ, కనీసం సిద్ధాంత రీత్యా, గీయగలిగేవాళ్ళం. 641 ఆ దారి మూసేసింది. తమాషా ఏమిటంటే, దానికంటే 2 తక్కువైన 429,49,67,295 భుజాల బొమ్మను గీయవచ్చు! ఎందుకంటే అది 3, 5, 17, 257, 65,537ల లబ్ధం. ఇలా గీయగలమని తెలిసిన బేసి భుజాల బహుభుజులలో అదే అన్నిటికంటే పెద్దది.