ఇంట్లో దొరికిన పురుగు ఎక్కడిది?

మందు కొట్టిన ఇంట్లో కొన్నాళ్లకు మళ్లీ పురుగు కనిపించింది. చావగా మిగిలినదా, బయటి నుంచి వచ్చినదా? లాటిన్ అమెరికాలో చాగస్ వ్యాధితో తలపడేవాళ్లకు ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న ఇది. మిగిలినదైతే మందు సరిగా పడలేదు, లేదా పురుగు దానికి లొంగడం మానేసింది. బయటిదైతే ఎంత శ్రద్ధగా కొట్టినా మళ్లీ వస్తూనే ఉంటుంది. చూపులకు రెండూ ఒక్కటే. తేడా పట్టాలంటే డీఎన్ఏ చూడాల్సిందే.

ఈ వ్యాధిని 1909లో బ్రెజిల్ వైద్యుడు కార్లోస్ చాగస్ లసాన్స్ అనే ఊళ్లో కనిపెట్టాడు. కారణం ట్రిపనోసోమా క్రూజీ అనే ఏకకణ పరాన్నజీవి. దాన్ని మోసేవి ట్రయటోమైన్ పురుగులు. నల్లికి దూరపు చుట్టాలు, పరిమాణంలో చాలా పెద్దవి. రాత్రిపూట గోడ పగుళ్లలోంచి వచ్చి నెత్తురు తాగుతాయి, అక్కడే రెట్ట వేస్తాయి. గోక్కున్నప్పుడు ఆ రెట్ట గాయంలోకో కంట్లోకో చేరి రోగం అంటుకుంటుంది. గుండె దెబ్బతిన్న సంగతి ఏళ్ల తర్వాత గానీ బయటపడదు. టీకా లేదు. (ఈ పురుగుల్లో లిన్‌ష్కోస్టియస్ అనే ప్రజాతి భారతదేశంలో తప్ప ఎక్కడా లేదు. ఆ పరాన్నజీవి మాత్రం ఇక్కడి పురుగుల్లో లేదు, అదే మనకు మేలు.)

వెనిజులాలో రోడ్నియస్ ప్రొలిక్సస్ అనే జాతి ఇళ్లలోనూ ఉంటుంది, తాటి కుటుంబపు చెట్ల మట్టల సందుల్లోనూ ఉంటుంది. చెట్ల మీదివి వేరు, ఇళ్లలోవి వేరు అని చాలాకాలం ఒక వాదన నడిచింది. ఆ వాదనకు బలం లేకపోలేదు. రోడ్నియస్ రోబస్టస్ అనే ఇంకో జాతి అచ్చం దీనిలాగే ఉంటుంది, కాపురం కూడా ఆ చెట్లమీదే. 2008లో వెలువడిన ఒక పరిశోధన ఈ పేచీ తీర్చింది. తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏలో సైటోక్రోమ్ బి అనే జన్యువును చదివి ముందు ఏది ఏ జాతో తేల్చుకున్నారు. తర్వాత మైక్రోశాటిలైట్లను పోల్చారు. డీఎన్ఏలో కొన్ని అక్షరాల గుంపు వెంటవెంటనే పునరావృతమయ్యే చోట్లివి. ఆ పునరావృతాల సంఖ్య తరాలు గడిచేకొద్దీ త్వరగా మారుతుంది కాబట్టి దగ్గరి బంధుత్వాలను ఇవి బాగా పట్టిస్తాయి. చెట్టు పురుగులే ఇళ్లలోకి దిగుతున్నాయని స్పష్టమైంది. ఇంటి గోడలకు ఎంత మందు పూసినా, పక్కనున్న చెట్టు మళ్లీ పురుగులను పంపగలదన్నమాట.

మధ్య అమెరికాలో ఇదే జాతి ఇళ్లను దాటి బతకలేదు. అక్కడి పురుగుల్లో జన్యు వైవిధ్యం చాలా తక్కువ. దక్షిణం నుంచి వచ్చిపడిన కొద్దిపాటి పురుగుల సంతానమే అంతా వ్యాపించిందని దాని అర్థం. అడవిలో నిల్వ లేదు కనుక మందు పనిచేసింది. ఈ పురుగు ద్వారా వ్యాప్తి ఆగిపోయిందని గ్వాటెమాలాకు 2008లో ధ్రువీకరణ దక్కింది.

ఇంకా దక్షిణాన ట్రయటోమా ఇన్ఫెస్టాన్స్ రాజ్యం. అక్కడివాళ్లు విన్చూకా అంటారు. దీని పుట్టిల్లు బొలీవియా ఆండీస్ లోయలని ఎక్కువమంది అభిప్రాయం. ఇప్పటికీ అక్కడ రాళ్ల గుట్టల్లో అడవి గినీ పందుల నెత్తురు తాగుతూ బతికే పురుగులున్నాయి. ఆండీస్ పురుగులతో పోలిస్తే పల్లపు ప్రాంతాల వాటిలో డీఎన్ఏ దాదాపు 30 శాతం తక్కువ. ఒకే జాతిలో ఇంత తేడా ఉందంటే మొదట నమ్మబుద్ధి కాదు.

1991లో ఆరు దేశాలు కలిసి ఈ విన్చూకాపై దండెత్తాయి. దీని ద్వారా వ్యాప్తి ఉరుగ్వేలో 1997 నాటికి, చిలీలో 1999 నాటికి, బ్రెజిల్‌లో 2006 నాటికి ఆగింది. గ్రాన్ చాకో మైదానాల్లోనూ బొలీవియా లోయల్లోనూ మాత్రం ఆగలేదు. అక్కడ డెల్టామెత్రిన్ అనే పురుగుమందుకు చావని పురుగులు బయటపడ్డాయి. కొన్నిటిలో నాడీకణాల సోడియం ద్వారాన్ని తయారుచేసే జన్యువు మారింది, మందు పట్టాల్సిన చోట పట్టడం లేదు. ఏళ్ల తరబడి మందు వాడిన ఫలితమే ఇదంతా అనుకోవడం సహజం. కానీ బొలీవియాలో మందు వాసనే ఎరగని అడవి పురుగుల్లోనూ డెల్టామెత్రిన్‌ను తట్టుకునేవి దొరికాయి. కాబట్టి అక్కడ మందు డబ్బా ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు. మట్టి గోడల పగుళ్లు పూడ్చాలి, కోళ్ల గూళ్లను ఇంటికి దూరం జరపాలి, మందు కొట్టి వెళ్లిన ఇంటిని మళ్లీ మళ్లీ వెతుకుతూ ఉండాలి.