సంద్రం రాసిన చీటీ

భోగాపురం పేరు చెబితే ఇప్పుడందరికీ గుర్తొచ్చేది విమానాశ్రయమే. 2019లో ఒకసారి, 2023 మే 3న మరోసారి... ఒకే విమానాశ్రయానికి రెండు శంకుస్థాపనలు చూసిన ఊరది! అక్కడ జాతీయ రహదారి దిగి తూర్పుకి పోతే మాత్రం వేరే లోకం. ముక్కాం, చేపలకంచేరు లాంటి పల్లెలు, ఒడ్డున ఆరబెట్టిన వలలు, తెప్పలు, ఫైబరు బోట్లు. విమానాల సంగతెలా ఉన్నా ఈ ఊళ్లలో తెల్లవారుజామున లేచే ప్రశ్న ఎప్పుడూ ఒకటే... ఇవాళ వల ఎక్కడ వెయ్యాలి?

తప్పు చోట వేస్తే పోయేది ఒక పూట శ్రమ మాత్రమే కాదు. డీజిలు, ఐసు, బోటెక్కిన వాళ్ల కూలి... అన్నీ నీళ్లపాలే. పూర్వం ఈ ప్రశ్నకి జవాబు పెద్దవాళ్ల దగ్గరుండేది. నీటి రంగు, గాలి వాటం, పక్షుల గుంపు చూసి చెప్పేవారు. ఇప్పుడు ఆ అనుభవానికి తోడుగా ఓ చీటీ కూడా వస్తోంది. అదీ హైదరాబాదు నుంచి. సముద్రమే లేని ఊరి నుంచి సముద్రం కబురు... పైగా తెలుగులో! గుజరాతీకి గుజరాతీలో, తమిళుడికి తమిళంలో అదే రోజు అందే ఆ కబురుని ఒక్కో భాషలో ఒక్కో మనిషి కూర్చుని రాయాలంటే అయ్యే పనేనా?

చేపని చూడకుండానే...

హైదరాబాదు ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. సముద్ర సమాచారం అందించేందుకు 1999లో పెట్టిన సంస్థ. ఇప్పుడు కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద ఉంది. చేపలు దొరికే వీలున్న ప్రాంతాల్ని రోజూ గుర్తించి చెప్పడం దాని పనుల్లో ఒకటి.

ఉపగ్రహానికి చేప కనిపించదు. కనిపించేవి రెండే... నీటి పైపొర వేడి, నీటి రంగు. చల్లటి నీరూ వెచ్చటి నీరూ కలిసేచోట అడుగునున్న పోషకాలు పైకొస్తాయి. వాటితో కంటికి కనిపించనంత సన్నటి నాచు పెరుగుతుంది. దాన్ని తినడానికి చిన్న జీవులు, వాటి వెనక నెత్తళ్లు, కానగంతలు, వాటికోసం వంజరం లాంటి పెద్ద చేపలు... సంతకి జనం చేరినట్టు చేరతాయి. ఆ నాచులోని పచ్చదనాన్ని ఓషన్‌శాట్ ఉపగ్రహాలు పసిగడతాయి. ఈ వరసలో మొదటిది 1999లో, రెండోది 2009లో, మూడోది 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్లాయి.

ఆకాశంలో మబ్బు కమ్మితే ఉపగ్రహానికి కళ్లకి గంతలు కట్టినట్టే. ఆ రోజు చీటీ ఉండదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కాబట్టి అప్పుడూ ఉండదు.

ఒక్క వరస... ఎన్నో పేజీలు

ఇంతకీ ఆ చీటీలో ఉండేదేమిటి? చూస్తే చిన్న పట్టిక. రేవు పేరు, అక్కణ్నుంచి ఏ దిక్కున వెళ్లాలి, ఎన్ని డిగ్రీలు, ఎన్ని కిలోమీటర్లు, అక్కడ నీటి లోతెంత, అక్షాంశం, రేఖాంశం... అంతే. ఉదాహరణకి భీమిలి అన్న గడి పక్కన ‘ఆగ్నేయం, 135 డిగ్రీలు, 38 కిలోమీటర్లు, లోతు 60 మీటర్లు’ అని ఉందనుకుందాం. ఇందులో అంకెలకి భాష లేదు. 38 ఎక్కడైనా 38. దిక్కులు ఎనిమిదో పదహారో. వాటిని ఒక్కసారి ప్రతి భాషలోకీ మార్చి పెట్టుకుంటే చాలు. రేవుల పేర్లూ అంతే. ఇక మిగిలింది గళ్ల చట్రం. ఉపగ్రహం నుంచి వచ్చిన లెక్క ఒకచోట, మాటల జాబితా ఇంకోచోట, పేజీ మూస మరోచోట. మీట నొక్కితే మూడూ కలిసి తెలుగు పేజీ, తమిళ పేజీ, ఒడియా పేజీ!

మర్నాటికే పాతబడిపోయే కబురిది. దేశంలో తీరం మొత్తాన్నీ 14 విభాగాలు చేశారు. ఉత్తరాంధ్ర ఒకటి, దక్షిణాంధ్ర ఒకటి. ఇంగ్లిషు, హిందీ, తీర రాష్ట్రాల భాషలు కలిపితే రోజుకెన్ని పేజీలో లెక్కేసుకోండి. డీటీపీ సెంటర్‌లో కూర్చుని కొట్టించి, దిద్దించి, అచ్చేయిస్తే... ఆలోగా చేప వేరే ఊరి సముద్రానికి వెళ్లిపోతుంది.

ఈ కిటుకు కొత్తదేం కాదు. కుక్కరు పెట్టెలో పది భాషల్లో ముద్రించిన మడతల కాగితం ఉంటుందే... అదీ, వేల విడిభాగాలున్న ఇంజిన్ల కేటలాగూ, విమానం మరమ్మతు పుస్తకాలూ తయారయ్యేది ఈ పద్ధతిలోనే. విషయాన్ని ముక్కలుగా ఒకేచోట దాచడం, పేజీని యంత్రానికి వదిలేయడం. ఒక బోల్టు నంబరు మారితే దాచిన చోట ఒక్కసారి దిద్దితే సరి. అన్ని పుస్తకాల్లో, అన్ని భాషల్లో అదే మారిపోతుంది. ఇందుకోసమే 1986లో ఎస్‌జీఎంఎల్ అనే ప్రమాణం వచ్చింది. 1998లో దాని తేలిక రూపం ఎక్స్ఎంఎల్ వచ్చింది. కెనడా వాళ్లయితే వాతావరణ వార్తల్ని ఇంగ్లిషు నుంచి ఫ్రెంచిలోకి మార్చే పనిని 1977లోనే కంప్యూటరుకి అప్పగించేశారు. ‘మెటియో’ అనే ఆ వ్యవస్థ 2001 దాకా పనిచేసింది. కంప్యూటరు భాషలు మార్చడానికి తంటాలు పడే ఆ రోజుల్లో అది ఎందుకు నెగ్గిందంటే, వాతావరణ వార్తలో మాటలు తక్కువ. వాక్యాలు ఒకే మూసలో ఉంటాయి. కవిత్వం ఉండదు.

కి... కు... నికి!

పట్టిక వరకూ తెలుగు బాగానే నడుస్తుంది. అసలు పేచీ వాక్యం దగ్గరే. ‘ఫలానా రేవుకి 38 కిలోమీటర్ల దూరంలో’ అని మూస తయారుచేసి, ‘ఫలానా’ స్థానంలో పేరు పెట్టమని యంత్రానికి చెబితే? భీమిలికి... బాగుంది. కాకినాడకి... పర్వాలేదు. విశాఖపట్నంకి! ఇక్కడ చెడింది. విశాఖపట్నానికి అనాలి. ఇంగ్లిషులో ఊరి పేరు ఏదైనా ముందుండే చిన్న మాట మారదు. తెలుగులో ఊరి పేరే ఒళ్లు విరుచుకుంటుంది. ముక్కాం ముక్కానికి అవుతుంది, ఊరు ఊరికి అవుతుంది. ‘1 కిలోమీటర్లు’ అని రాసే యంత్రాల సంగతి సరేసరి. చాలా ప్రభుత్వ కాగితాల్లోనూ, కంపెనీల కరపత్రాల్లోనూ తెలుగు ఎబ్బెట్టుగా ఉండటానికి ఒక కారణం ఇదే. ఇంగ్లిషు మూసలో తెలుగు మాటలు పోస్తారు. దీనికి మందు కష్టమేమీ కాదు. ప్రతి ఊరి పేరు పక్కనా ‘కి’ రూపం, ‘లో’ రూపం ఒక్కసారి రాసి దాచుకుంటే చాలు. కాకపోతే ఆ ఒక్కసారీ తెలుగు తెలిసిన మనిషి కూర్చోవాలి.

తుపాను కబుర్ల దగ్గరికొస్తే ఇది భాషాభిమానం గొడవ కాదు, ప్రాణం గొడవ. ఇంగ్లిషులో ‘డిప్రెషన్’ అని వస్తుంది. నిఘంటువు చూసి మార్చే యంత్రం ‘నిస్పృహ’ అన్నా అనొచ్చు. నడిసంద్రంలో నిస్పృహ! మనవాళ్లు వాయుగుండం అంటారు. ఆ మాట వెనక అంకె ఉంది. గాలి వేగం గంటకి 31 నుంచి 49 కిలోమీటర్ల దాకా అయితే వాయుగుండం. 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం. 62 తాకితే తుపాను. అంటే యంత్రం తర్జుమా చెయ్యాల్సింది ఇంగ్లిషు మాటని కాదు, అంకెని. అంకె చూసి తెలుగు మాట ఎంచుకుంటే పొరపాటుకి తావే లేదు. అన్నట్టు, ఒడ్డున కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో ఎగరేసే ఒకటో నంబరు, రెండో నంబరు ప్రమాద హెచ్చరికల సూత్రమూ ఇదే. పదకొండు నంబర్లతో అన్ని భాషల వాళ్లకీ అర్థమయ్యే పద్ధతి. కంప్యూటర్లు పుట్టకముందే!

కొలతల విషయంలోనూ యంత్రం ఒడ్డుకి దగ్గరగా రావచ్చు. మన వేటగాళ్లకి లోతు అంటే బారల్లోనే. రెండు చేతులూ బారజాపితే ఎంతో అంత. దాదాపు 1.83 మీటర్లున్న ఇంగ్లిషు ‘ఫాదమ్’కి మనవాళ్ల పేరు. 60 మీటర్లంటే సుమారు 33 బారలు. ఇంకో గడి, అందులో ఒక చిన్న భాగాహారం... ఖర్చేముంది?

అక్షరానికో తాళం

తెలుగు చీటీ ఇంత సులువుగా రావడానికి మరో అడ్డు తొలగాల్సి వచ్చింది. 1990ల్లో, ఆ తర్వాతా డీటీపీ తెలుగంటే ఒక్కో కంపెనీది ఒక్కో అక్షరమాల. ఒక ఫాంటులో ‘క’ అన్నది ఇంకో ఫాంటులో ఇంకేదో. పెళ్లి శుభలేఖ వెయ్యడానికి అది చాలు. పేజీని మనిషే చూసుకుంటాడు కదా! కానీ యంత్రమే మాటలు వెతికి అతికించాలంటే ‘క’ ఎక్కడైనా ‘క’ కావాలి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దక్కినా అది సామాన్యుడి ఫోను దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆలోగా తెలుగు సందేశం పంపితే తెర మీద వరసగా ఖాళీ డబ్బాలు కనిపించేవి.

విమానం దారే పడవకీ

ఫోనులో తెలుగొచ్చినా సముద్రంలో ఫోను పనిచెయ్యాలి కదా? ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే సిగ్నల్ ఉండదు. 2017 చివర్లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు మత్స్యకారులు ఎందరో అప్పటికే లోపలున్నారు. హెచ్చరిక ఒడ్డునే ఉండిపోయింది. ఆ చేదు అనుభవం తర్వాత 2019 అక్టోబరులో ‘జెమిని’ అనే పరికరం వచ్చింది. ఉపగ్రహం నుంచి వచ్చే సందేశాన్ని అది అందుకుని బ్లూటూత్‌తో ఫోనుకిస్తే, ఫోనులోని యాప్ దాన్ని తొమ్మిది ప్రాంతీయ భాషల్లో చూపిస్తుంది. ఉపగ్రహం ద్వారా పొడవాటి వాక్యాలు పంపడం ఖరీదు వ్యవహారం. మాటలన్నీ ముందే ఫోనులో ఉంటే పైనుంచి కాస్త సమాచారం వచ్చినా సరిపోతుంది. పేజీ తయారయ్యేది పడవలోనే!

ఇక్కడే భోగాపురానికి ఓ చుట్టరికం. జెమిని వాడుకునేది ‘గగన్’ వ్యవస్థని. విమానాలకి దారి కచ్చితంగా చూపడానికి ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి తయారుచేసింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో విమానం దాని సాయంతోనే దిగింది. రన్‌వే మీద దిగే విమానానికీ, ముక్కాం నుంచి వెళ్లే బోటుకీ దారి చూపగలిగేది ఒకే వ్యవస్థ అన్నమాట.

అయితే జెమినితో చిక్కేమిటంటే, అది వినడమే కానీ చెప్పలేదు. బోటులోవాళ్లు ‘ఆపదలో ఉన్నాం’ అని తిరిగి పంపలేరు. చేపల చీటీకీ లోపాలున్నాయి. ఏ చేప, ఎంత అన్నది అందులో ఉండదు. చిన్న తెప్పవాడికి 38 కిలోమీటర్లంటే ఎక్కువ దూరం. చదువురాని వాళ్లకి పట్టిక ఇచ్చి ప్రయోజనమూ లేదు. వాళ్లకి గొంతుతో చెప్పాలి. ఆ గొంతు ఈ తీరం యాసలో ఉంటే మరీ మంచిది.

గుజరాత్ నీళ్లు, తెలుగు మాట

ఇంకో సంగతి. విజయనగరం, శ్రీకాకుళం మత్స్యకారులు అందరూ ఇక్కడే వేటాడరు. ఏటా ఎందరో గుజరాత్‌లోని వెరావల్‌కి వలస పోయి అక్కడి బోట్లలో పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లి పాకిస్థాన్ చేతికి చిక్కిన వాళ్లలో ఈ జిల్లాల వాళ్లున్నారు. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మళ్లీ మన నేల మీద కాలుపెట్టారు.

భాషని తీరంతో ముడిపెడితే వెరావల్ సముద్రం కబురు గుజరాతీలోనే ఉంటుంది. ఆ బోటులో వల లాగే చేతులు మాత్రం తెలుగువి. లెక్క వేరు, భాష వేరు అని విడదీసిన సాఫ్ట్‌వేర్‌కి ఇది సమస్యే కాదు. తెర మీద రెండు గళ్లు చాలు. ఏ సముద్రం అన్న చోట గుజరాత్, ఏ భాష అన్న చోట తెలుగు.