హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ టీమ్ నిలబడుతుందా? | ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్

ఈరోజు టాపిక్ నేను అనుకున్నది కాదు, మా తమ్ముడు ఇచ్చింది. బాబాయ్ కొడుకు, దంతాలపల్లిలోనే ఉంటాడు, తొమ్మిదో తరగతి. 2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ స్టేడియంకి వచ్చిండు కదా, మన సీఎం రేవంత్ రెడ్డి గారు కూడా గ్రౌండ్‌లో దిగి ఆడారు. ఆ రీల్స్ అన్నీ చూసి వాడు నాకు ఫోన్ చేసిండు. "అన్నా, మన హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ టీమ్ ఉంది కదా, దాంట్ల ఆడాలంటే ఎట్ల పోవాలె?"

ఏం చెప్పాలి? ఆ టీమ్ అప్పటికి రెండు నెలల కింద్నే ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు కూడా మారింది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

అసలు ఇది ఎట్ల జరిగిందో చూద్దాం. ఎందుకంటే రేపు ఎవరైనా డబ్బున్న ఓనర్ వచ్చి ఇక్కడ ఇంకో టీమ్ పెడతా అంటే, అది నడుస్తదా లేదా అన్న దానికి సమాధానం ఈ కథలోనే ఉంది.

2019లో పుణె సిటీ అనే టీమ్ డబ్బుల ఇబ్బందులతో మూతపడింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆ ఖాళీలోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, ఆ ఏడాది ఆగస్టులో. ఓనర్లు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని. హోమ్ గ్రౌండ్ గచ్చిబౌలి స్టేడియం. మొదటి సీజన్ ఘోరం. 18 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు, టేబుల్‌లో చిట్టచివరి ప్లేస్. కొత్త టీమ్, ఓడిపోతా ఉంది, జనం ఎందుకొస్తరు? సరే, అది అర్థం చేసుకోవచ్చు.

తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పానిష్ కోచ్ వచ్చిండు, టీమ్ రూపమే మారిపోయింది. 2022 మార్చి 20న ఫైనల్, కేరళ బ్లాస్టర్స్‌తో. 1-1 డ్రా, పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపిండు. 3-1తో హైదరాబాద్ ఛాంపియన్. ఆ సీజన్‌లో ఓగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టిండు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ ఫైనల్ ఎక్కడ జరిగింది? గోవాలో. కోవిడ్ వల్ల 2020-21, 2021-22 రెండు సీజన్లు మొత్తం గోవాలోనే ఆడించారు. అంటే మన టీమ్ ఛాంపియన్ అయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఫైనల్ రోజు స్టాండ్స్ నిండా కేరళ వాళ్లు పసుపు జెర్సీలు వేసుకొని కూర్చున్నరు. ఊళ్లో పెళ్లి పెట్టుకొని భోజనాలు వేరే ఊళ్లో పెట్టినట్టయింది. అలవాటు పడాల్సిన టైమ్‌లో మన జనానికి ఆ టీమ్ టీవీలో బొమ్మే.

2022-23లో తిరిగొచ్చారు, లీగ్‌లో రెండో ప్లేస్. కానీ లోపల డబ్బులు అయిపోయాయి. 2023-24లో జీతాలు రాక ప్లేయర్లు ఒక్కొక్కరూ వెళ్లిపోయారు, ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడింది, కుర్రాళ్లతో సీజన్ లాగించారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు. తర్వాత బీసీ జిందాల్ గ్రూప్ కొనుక్కుంది. చివరికి 2025 అక్టోబర్‌లో ఢిల్లీ.

"హైదరాబాదోళ్లకు ఫుట్‌బాల్ పట్టదు" అని చాలామంది కామెంట్ పెడతారు. నేను ఒప్పుకోను. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్. దాని కోచ్ రహీం సాబ్ ఇండియాకి 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చారు. అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా ఆయన మీదే. సికింద్రాబాద్ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరామ్ 1956 ఒలింపిక్స్ ఆడి, క్లబ్ కోసం కలకత్తా పోయాడు. ఆట పోలేదు భయ్యా, ఆడేవాళ్లు పోయారు. అప్పుడు కలకత్తాకి, ఇప్పుడు ఢిల్లీకి.

మరి సమస్య ఏంటి? నేను ఒకసారి మ్యాచ్‌కి పోయిన. తొర్రూరు మీదుగా బస్సులో ఉప్పల్, అక్కడ్నుంచి మెట్రోలో రాయదుర్గం, ఆ తర్వాత ఆటో. రాత్రి ఏడున్నరకి మ్యాచ్ మొదలైతే అయిపోయేసరికి తొమ్మిదిన్నర. ఊరికి బస్ ఎక్కడ? ఫ్రెండ్ రూమ్‌లో పడుకున్న. పాతబస్తీలో, సికింద్రాబాద్‌లో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లకు కూడా గచ్చిబౌలి ఊరవతలే. ఆట తెలిసినోళ్లు ఒక మూల, స్టేడియం ఇంకో మూల.

క్రికెట్‌తో పోల్చండి. డెక్కన్ ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది, 2012లో పోయింది. కానీ నెలల్లోనే సన్‌రైజర్స్ వచ్చింది, ఎందుకంటే టీవీ హక్కుల డబ్బే టీమ్‌ని మోస్తది. ఫుట్‌బాల్‌లో ఆ మెత్త లేదు. ఓనర్ జేబు ఖాళీ అయితే టీమ్ ఖాళీ. 2025 జులైలో లీగ్‌కే ఒప్పందం తేలక కొత్త సీజన్‌ను ఆపి పెట్టారు. ఇట్లాంటప్పుడు ఏ ఓనర్ ధైర్యం చేస్తడు?

అయినా ఒక టీమ్ ఉంది. శ్రీనిధి డెక్కన్. ఐ-లీగ్‌లో 2022-23లో, 2023-24లో వరసగా రెండో ప్లేస్. ఛాంపియన్ అయితేనే పై లీగ్‌కి ప్రమోషన్, రెండుసార్లూ ఒక్క మెట్టు దగ్గర ఆగింది. అజీజ్ నగర్‌లో సొంత గ్రౌండ్ ఉంది. చిన్నదే, కానీ సొంతది. నా లెక్కలో కొత్త టీమ్ నిలబడాలంటే దారి ఇదే. కింద నుంచి రావాలి, చిన్న గ్రౌండ్ నింపాలి, విదేశీ స్టార్ కన్నా ముందు మన జిల్లాల పిల్లలకు జెర్సీ ఇవ్వాలి. ఊళ్లో ఒక్కడు ఆడితే ఊరంతా ఫోన్లో చూస్తది. నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కి సైన్ చేసింది. మా మండలంలో ఎన్ని తండాలున్నాయో, అందులో ఎంతమంది ఉరుకుతరో నాకు తెలుసు.

పైనుంచి డబ్బులతో దింపే టీమ్ అయితే మాత్రం, సారీ, మూడేళ్లు కూడా ఇవ్వను.

తమ్ముడికి సౌమ్య ఆట వీడియోలు పంపిన. రాత్రి పదకొండుకి రిప్లై వచ్చింది: "అన్నా, షూస్ ఎంతయితయ్?" సైజ్ అడిగిన, ఇంకా చెప్పలే. ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం.